వోల్టేర్ ఉత్తరాలు ఎవరి బీరువాల్లో బతికాయి?

అచ్చయిన పుస్తకానికి వందల ప్రతులుంటాయి. ఒక ఊళ్ళో కాలిపోయినా ఇంకో ఊళ్ళో దొరుకుతుంది. ఉత్తరానికి ఆ భరోసా లేదు. రాసి, మడిచి, లక్క ముద్ర వేసి పంపాక అది రాసినవాళ్ళ చేయి దాటిపోతుంది. ఆపైన దాని బతుకు అందుకున్నవాళ్ళ ఇష్టం. దాచుకుంటే ఉంటుంది, పొయ్యిలో వేస్తే పోతుంది. వారసులకు డబ్బు అవసరమైతే వేలానికి వెళ్తుంది.

ఫ్రెంచ్ తాత్వికుడు వోల్టేర్ (1694-1778) ఉత్తరాలను సేకరించే పని రెండున్నర శతాబ్దాలుగా సాగుతోంది. ఆయన రాసినవీ, ఆయనకు వచ్చినవీ కలిపి ఇప్పటికి 21,000 పైచిలుకు ఉత్తరాలు అచ్చయ్యాయి. వాటిలో దాదాపు 15,000 ఆయన రాసినవే. ఇంత పెద్ద రాశిని చూస్తే ఆ మనిషి జీవితంలో ప్రతి రోజూ మన కళ్ళ ముందు ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ మనకు మిగిలింది, ఉత్తరాలు దాచుకునే అలవాటూ, దాచుకునే చోటూ ఉన్న మనుషులకు రాసిన వోల్టేర్ మాత్రమే. సేకరణ చరిత్ర తెలియకుండా ఆ ఉత్తరాలు చదివితే ఈ సంగతి కనబడదు.

అన్నిటికన్నా పెద్ద లోటు ఎమిలీ దు షాత్లే విషయంలో ఉంది. న్యూటన్ మహాగ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చిన శాస్త్రవేత్త ఆమె. దాదాపు పదిహేనేళ్ళు వోల్టేర్‌కు ప్రియురాలు, చదువులో తోడు. ప్రసవం తర్వాత 1749 సెప్టెంబర్ 10న లూనేవిల్‌లో చనిపోయింది. ఆ ఇద్దరూ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు దాదాపుగా ఏవీ మిగల్లేదు. ఆమె పోయాక భర్త తరఫు బంధువులు కాగితాలు తగలబెట్టించారనీ, ఆ మంటలోంచి కొన్నిటిని తాను బయటికి లాగాననీ వోల్టేర్ దగ్గర సెక్రటరీగా ఉన్న లోంషాం తన జ్ఞాపకాల్లో రాశాడు. లోంషాం మాటను పూర్తిగా నమ్మడానికి లేదు. యజమాని రాతలకు దొంగచాటుగా నకళ్ళు తీశాడని దొరికిపోయినవాడు అతను. అయినా ఆ ఉత్తరాలు ఇప్పటిదాకా ఎక్కడా బయటపడలేదన్నది మాత్రం నిజం. అదే ఎమిలీ, తాను ఎక్కువ కాలం బతకనేమోనన్న భయంతో న్యూటన్ అనువాదం రాతప్రతిని ముందే పారిస్‌లోని రాజుగారి లైబ్రరీకి పంపేసింది. అది నిలిచింది, 1759లో అచ్చయింది. లైబ్రరీకి చేరిన కాగితం బతికింది, ఇంట్లో ఉండిపోయినది నాశనమైంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్నవాడు దార్జాంతాల్. వోల్టేర్‌కు బడి నాటి స్నేహితుడు, పారిస్‌లో ఆయన నాటకాల వ్యవహారాలన్నీ చూసిపెట్టినవాడు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ పదిలంగా దాచాడు కాబట్టి ఆయనకు రాసినవి వెయ్యికి పైగా ఉన్నాయి. వోల్టేర్ నాటకాల గురించి అంత విపరీతంగా టెన్షన్ పడేవాడన్న అభిప్రాయం మనకు కలగడానికి ఒక కారణం ఆయన స్వభావమైతే, రెండో కారణం దార్జాంతాల్ అలవాటు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు, రష్యా చక్రవర్తిని కేథరిన్‌కు రాసినవి రాజుల కాగితాలతో పాటు నిలిచాయి. జెనీవాలో పుస్తకాలు అచ్చువేసిన గాబ్రియేల్ క్రమేర్‌కు రాసిన చీటీలు వందల్లో మిగిలాయి. ప్రూఫులు పంపమనీ, ఫలానా పేజీలో ఒక మాట మార్చమనీ రాసిన ముక్కలు అవి. చాలావాటి మీద తేదీ కూడా లేదు. పక్కవీధికి పంపే చీటీకి తేదీ ఎవరు వేస్తారు? ఏ పుస్తకం, ఏ ప్రూఫు, ఏ తప్పు అన్న ఆధారంతో వాటిని వరసలో పెట్టడానికి పండితులకు ఏళ్ళు పట్టింది. ఇంట్లో పనివాళ్ళకు, వడ్డీవ్యాపారులకు, ఊరి రైతులకు రాసినవి ఇన్ని లేవంటే వాళ్ళతో ఆయనకు పని లేక కాదు. వాళ్ళకు పాతకాగితాలు తరతరాలు దాచే బీరువాలు లేవు.

ఆనాటి ఉత్తరం ఎలా ఉండేదో తెలిస్తే సేకరించేవాళ్ళ కష్టం ఇంకాస్త అర్థమవుతుంది. విడిగా కవరు ఉండేది అరుదు. పెద్ద కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. మూడు పేజీల్లో రాసి, నాలుగోది పైకి వచ్చేలా మళ్ళీ మడిచి, దాని మీద చిరునామా రాసి, లక్కతో అంటించేవారు. అందుకున్నవాళ్ళు తెరిచేటప్పుడు ముద్ర దగ్గర కాగితం చిరుగుతుంది, అక్కడ రెండు మూడు అక్షరాలు పోతాయి. తపాలా ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టాలి. చిరునామా ఉన్న వైపు తపాలా ముద్ర, రుసుము అంకె కనిపిస్తాయి. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి చేసిన సిరా మొదట నల్లగా ఉండి, కాలం గడిచేకొద్దీ గోధుమ రంగులోకి దిగుతుంది, పాళ్ళు తప్పితే కాగితాన్నే తినేస్తుంది. గుడ్డపీలికల గుజ్జును తీగల చట్రం మీద పరిచి చేసిన కాగితం కాబట్టి వెలుతురుకు పట్టి చూస్తే తయారుచేసినవాళ్ళ వాటర్‌మార్క్ కనిపిస్తుంది. ఉత్తరంలో తేదీ లేకపోయినా, తేదీ మీద అనుమానమున్నా ఆ మడతలు, ముద్రలు, వాటర్‌మార్కే సాక్ష్యం. పాత కలెక్టర్లలో కొందరు ఆల్బంలో అందంగా అంటించుకోవాలని చిరునామా ఉన్న వైపు కత్తిరించి పారేశారు. ఉత్తరం ఎవరికి వెళ్ళిందో చెప్పే భాగమే అలా చెత్తబుట్టలో పడింది.

దస్తూరి సంగతి మరీ చిక్కు. వోల్టేర్ చివరి ఇరవై నాలుగేళ్ళ ఉత్తరాల్లో చాలావరకు ఆయన చేత్తో రాసినవి కావు. జాన్ లూయీ వాన్యేర్ అనే స్విస్ కుర్రాడు 1754లో పదిహేనేళ్ళు నిండీ నిండకముందే పనిలో చేరాడు. యజమాని చెబుతుంటే రాయడం, నకలు తీయడం, కట్టలు కట్టడం అంతా అతని పనే. కొన్నిటి కింద ‘వి’ అనే ఒక్క అక్షరం ఉంటుంది, కొన్నిటికి జాగ్రత్త కోసం అదీ ఉండదు. పోలీసులు ఉత్తరాలు విప్పి చదివే రోజులవి. వేలం కేటలాగుల్లో ‘స్వహస్తంతో రాసినది’, ‘సంతకం మాత్రమే ఉన్నది’ అని రెండు తరగతులుంటాయి, ధరలో తేడా కూడా బాగా ఉంటుంది. ధర సంగతి ధరదే. చదివేవాళ్ళకు మాత్రం వాన్యేర్ రాసిన ఉత్తరం వోల్టేర్ మాట కాకుండా పోదు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ ఉత్తరాలు పూర్తిగా సొంత విషయాలూ కావు. పారిస్‌లో ఒకరికి వచ్చినదాన్ని పదిమంది కూర్చుని చదివించుకునేవారు, నకళ్ళు తీసుకునేవారు, నకళ్ళకు మళ్ళీ నకళ్ళు. అసలు పోయి నకలు మాత్రమే మిగిలిన ఉత్తరాలు బోలెడు.

1778 ఫిబ్రవరిలో వోల్టేర్ దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత పారిస్‌కు వచ్చాడు. జెనీవా దగ్గర తాను కాపురమున్న ఫెర్నేలోని కాగితాలు తెమ్మని వాన్యేర్‌ను వెనక్కి పంపాడు. అతను తిరిగి రాకముందే మే 30న యజమాని కన్నుమూశాడు. ఆస్తి మేనకోడలు మదాం దెనీకి వచ్చింది. ఆమె ఆ ఏడాదే లైబ్రరీని కేథరిన్‌కు అమ్మేసింది. బేరం కుదిర్చినవాడు పారిస్‌లో కేథరిన్ పనులు చూసిపెట్టే గ్రిమ్, ధర సుమారు 1,35,000 లీవ్రులు (ఆనాటి ఫ్రెంచ్ నాణెం). 1779లో 6,800 పైచిలుకు సంపుటాలు, వాటితో పాటు బోలెడన్ని రాతప్రతులు సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాయి. వాటిని వరసలో సర్దడానికి వాన్యేరే వెంట వెళ్ళాడు. ఆ పుస్తకాల మార్జిన్లలో వోల్టేర్ రాసుకున్న విసుగులు, వెక్కిరింతలు, మెచ్చుకోళ్ళు నిండా ఉన్నాయి. పేజీల మధ్య ఆయన పెట్టుకున్న కాగితపు ముక్కలు కూడా ఉన్నాయి. అన్నీ ఒకే చోట ఉండటం అదృష్టమే అయినా, ఒకే చోట ఉంటే తాళం కూడా ఒకటే. నికొలస్ చక్రవర్తి కాలంలో ఆ గది ఎవరికీ తెరవలేదు. 1832లో రష్యన్ కవి పుష్కిన్‌కు మాత్రం ప్రత్యేక అనుమతి దొరికింది, అదీ పీటర్ చక్రవర్తి చరిత్ర రాస్తున్నాడు కాబట్టి. మార్జిన్ రాతలను సంపుటాలుగా అచ్చువేయడం 1979లో గానీ మొదలు కాలేదు. అంటే సరిగ్గా రెండు వందల ఏళ్ళు పట్టింది.

ఉత్తరాల దారి వేరే వైపు వెళ్ళింది. ప్రచురణకర్త పాంకూక్ చేతికొచ్చిన కాగితాలను నాటకకర్త బొమార్షే కొన్నాడు. ఫ్రాన్స్‌లో సెన్సార్ ఒప్పుకోదు కాబట్టి రైన్ నది దాటి స్ట్రాస్‌బర్గ్ ఎదురుగా ఉన్న కేల్ అనే ఊళ్ళో ప్రెస్ పెట్టాడు. ఇంగ్లండ్‌లో బాస్కర్‌విల్ అనే అచ్చు అక్షరాల నిపుణుడి వితంతువు దగ్గర నుంచి ఆయన తయారుచేసిన అక్షరాలు తెప్పించాడు. 1784-89 మధ్య 70 సంపుటాలు వచ్చాయి. ఎడిటింగ్ భారం మోసినవాళ్ళు కొండోర్సే, దెక్రువా. ఉత్తరాలను విడిగా సంపుటాల్లో వేసి, వోల్టేర్ రచనల్లో అవీ భాగమేనని చెప్పిన గొప్పతనం వాళ్ళది. దాదాపు 4,500 ఉత్తరాలు అప్పుడే వెలుగు చూశాయి.

కానీ వాళ్ళ కత్తెర కూడా అంతే చురుకుగా పనిచేసింది. ఉత్తరాలు అందుకున్నవాళ్ళు చాలామంది బతికే ఉన్నారు. పేర్లు తీసేశారు, పేరాలు ఎగరగొట్టారు, కొన్నిచోట్ల రెండు ఉత్తరాలను కలిపి ఒకటి చేశారు. కేథరిన్ అభ్యంతరం చెప్పిన చోట్ల అచ్చయిన పేజీలు తీసేసి కొత్తవి వేయాల్సి వచ్చింది. అసలు ప్రతులు తర్వాత మాయమైన సందర్భాల్లో మనకు దిక్కు ఆ కేల్ పాఠమే. కత్తిరించింది ఏమిటో తెలుసుకునే దారి లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో బోషో, ఆ తర్వాత మోలాన్ అనే ఎడిటర్లు ఒక్కో మెట్టూ ఎక్కారు. మోలాన్ ముగించేసరికి (1885) ఉత్తరాల సంఖ్య పదివేలు దాటింది. దాన్ని రెట్టింపు చేసినవాడు థియొడోర్ బెస్టర్‌మన్. పోలండ్‌లోని లోడ్జ్‌లో 1904లో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగాడు. యూనివర్సిటీ పండితుడు కాడు. చిన్న వయసులో దివ్యజ్ఞాన సమాజం ప్రభావంలో ఉండి అనీబిసెంట్ రచనల జాబితా తయారుచేశాడు (మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంటే). ఆ తర్వాత బతుకంతా జాబితాల మీదే గడిపాడు. 1952లో జెనీవా నగరం సహకారంతో వోల్టేర్ ఒకప్పుడు నివసించిన లే దెలీస్ ఇంట్లో పరిశోధన సంస్థ పెట్టి, తానూ అక్కడే కాపురం ఉన్నాడు.

ఆయన పద్ధతి పైకి మామూలుగానే కనిపిస్తుంది. దేశదేశాల లైబ్రరీలకు, పాత కుటుంబాలకు, ఆటోగ్రాఫ్ వ్యాపారులకు ఉత్తరాలు రాయడం, ఫొటోలు తెప్పించుకోవడం, పాత వేలం కేటలాగులన్నీ తిరగేయడం. ఉత్తరం ఎవరు కొన్నారో తెలియకపోతే కేటలాగులో ఉదహరించిన రెండు మూడు వాక్యాలనే ఉత్తరంగా లెక్కవేసి ఒక నంబరు ఇచ్చాడు. రేపు అసలు దొరికితే పెట్టడానికి అక్కడ ఒక గూడు సిద్ధంగా ఉంటుంది. ప్రతి ఉత్తరం కిందా అసలు ఎక్కడుంది, స్వహస్తమా నకలా, మొదట ఎక్కడ అచ్చయింది, పాఠభేదాలేమిటి అని రాసుకుంటూ పోయాడు. 1953-65 మధ్య 107 సంపుటాలు తెచ్చాడు. కొత్త ఉత్తరాలు వచ్చిపడుతూనే ఉంటే, 1968లో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ రెండో సంచిక 1977లో పూర్తయ్యేసరికి ఆయన పోయి ఏడాది కావస్తోంది. చేసిన పనికి తృప్తిపడకుండా వందకు పైగా సంపుటాలను పక్కన పెట్టి మళ్ళీ ఒకటో ఉత్తరం దగ్గర కూర్చోవడానికి ఎంత మొండితనం కావాలి! ఆయన ఆస్తి, కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌కు చేరాయి. వోల్టేర్ సమగ్ర రచనల సంచిక అక్కడే 2022లో 205 సంపుటాలతో పూర్తయింది.

బెస్టర్‌మన్ బయటపెట్టినవాటిలో పెద్ద సంచలనం 1957లో అచ్చువేసిన 142 ఉత్తరాలు. మేనకోడలు మదాం దెనీకి వోల్టేర్ రాసిన ప్రేమలేఖలు అవి, అసలు ప్రతులు న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉన్నాయి. ఇద్దరి మధ్య ఉన్న సంబంధం రెండు శతాబ్దాలు గుసగుసగానే మిగిలింది. అది తేలడానికి కారణం ఆమె వాటిని చింపకుండా దాచడమే.

అదే మదాం దెనీకి రాసిన ఇంకో కట్ట ఉత్తరాలు సేకర్తలకు మరో పాఠం నేర్పాయి. 1750-53 మధ్య ప్రష్యాలో ఉన్నప్పుడు వోల్టేర్ ఆమెకు రాసినవిగా పేరొందిన ఉత్తరాలు అవి. ఫ్రెడరిక్ మీద కోపం ఎలా మొదలై ఎలా ముదిరిందో రోజువారీగా చెబుతాయి. జీవితచరిత్రలు రాసినవాళ్ళంతా వాటి మీదే ఆధారపడ్డారు. 1986లో ఆండ్రే మాన్యాన్ తేదీలనూ, సంఘటనలనూ, మిగతా ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూసి, అవి అప్పుడు రాసినవి కావని తేల్చాడు. ఆ కాలం ముగిశాక వోల్టేరే కూర్చుని తిరగరాశాడు. 1753లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రెడరిక్ మనుషులు వోల్టేర్‌ను, మదాం దెనీని నిర్బంధించి, రాజుగారి ఉత్తరాలూ, పద్యాల పుస్తకమూ తిరిగి ఇమ్మని వేధించారు. ఆ అవమానానికి వోల్టేర్ ఇచ్చిన జవాబు ఈ ఉత్తరాలు. రాసింది ఆయనే, తేదీ మాత్రం కల్పితం. దస్తూరిని పరీక్షించి మాత్రమే సంతృప్తిపడే కలెక్టరుకు ఈ మోసం ఎప్పటికీ దొరకదు.

నకిలీ ఉత్తరాల ముఠాలు వేరే ఉన్నాయి. 1860ల్లో పారిస్‌లో వ్రాన్ లూకా అనేవాడు గణిత శాస్త్రవేత్త మిషెల్ షాల్‌కు 27,000కు పైగా దొంగ ఉత్తరాలు అమ్మాడు. పాస్కల్, న్యూటన్ మొదలుకొని క్లియోపాత్రా దాకా అందరూ ఫ్రెంచిలోనే రాశారు! 1870లో అతనికి రెండేళ్ళ శిక్ష పడింది. అంత పెద్ద గణితవేత్త ఎలా నమ్మాడంటే, గురుత్వాకర్షణను ఫ్రెంచివాడే ముందు కనిపెట్టాడని ఆ కాగితాలు చెప్పాయి కాబట్టి. ఈ రోజుల్లో ప్రమాదం ఇంకో రకం. అరిస్టోఫిల్ అనే ఫ్రెంచ్ కంపెనీ రాతప్రతులను వాటాలుగా విడగొట్టి దాదాపు 18,000 మంది మదుపుదారులకు అమ్మి, 2015లో కుప్పకూలింది. దాని దగ్గరున్న లక్షా ముప్ఫై వేల కాగితాలు వేలాల పాలయ్యాయి. ఫ్రెంచ్ రచయిత మార్కీ ద సాద్ బాస్టిల్ జైల్లో రాసిన 12 మీటర్ల కాగితపు చుట్టను ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించి, 2021లో 45.5 లక్షల యూరోలకు దక్కించుకుంది. వోల్టేర్ ధరలూ పెరుగుతున్నాయి. కేథరిన్‌కు రాసిన 26 ఉత్తరాలు 2006లో పారిస్ సోథ్‌బీస్ వేలంలో 5.83 లక్షల యూరోలు పలికాయి. ఫ్రెంచ్ చట్టం ప్రకారం ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ళది, అచ్చువేసే హక్కు రాసినవాళ్ళది. రచయిత పోయి హక్కుల గడువు కూడా తీరాక, ఎప్పుడూ అచ్చుకాని రాతను మొదట ప్రచురించిన యజమానికి 25 ఏళ్ళ హక్కు వస్తుంది. పరిశోధకులకు ఫొటో ఇవ్వడానికి యజమానులు వెనకాడటంలో ఆశ్చర్యం లేదు.

షాల్ చేసిన తప్పును వోల్టేర్ కూడా చేశాడు, అదీ మన తీరం నుంచి వెళ్ళిన రాతప్రతి విషయంలో. 1760లో మొదావ్ అనే ఫ్రెంచ్ అధికారి ఇండియా నుంచి తెచ్చిన ‘ఎజూర్వేదం’ అనే ఫ్రెంచ్ రాతప్రతిని ఆయనకు ఇచ్చాడు. వ్యాసుడికి, సుమంతుడికి మధ్య సంభాషణ అది. శ్రీరంగం ప్రధాన అర్చకుడు అనువదించాడనీ, అలెగ్జాండర్ కన్నా ముందుదనీ వోల్టేర్ నమ్మాడు. బైబిల్ కన్నా పాత జ్ఞానం ఇండియాలో ఉందని వాదించడానికి దాన్ని ఆయుధంగా వాడుకున్నాడు. 1761లో రాజుగారి లైబ్రరీకి కానుకగా ఇచ్చాడు. 1778లో అది అచ్చయింది. 1782లో యాత్రికుడు సొన్నెరా, ఇది వేదమూ కాదు ఏమీ కాదు, మచిలీపట్నంలో ఒక మిషనరీ రాసిన వాదగ్రంథం అని రాశాడు. తర్వాత పుదుచ్చేరి మిషన్ కాగితాలను మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పరిశీలించాడు. ఆయన వ్యాసం మరణానంతరం 1822లో వచ్చింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో వాదించిన ఎల్లిస్ ఈయనే. ఎజూర్వేదం ఫ్రెంచ్ జెస్యూట్ల (ఒక కేథలిక్ మిషనరీ సంఘం వాళ్ళ) రచన అని ఇప్పుడు పండితులు ఒప్పుకుంటున్నారు. ఎవరు, ఎక్కడ రాశారన్నది మాత్రం తేలలేదు. తెలుగు, కన్నడ నేలల్లో పనిచేసిన కల్మెట్ పేరు కూడా అనుమానితుల జాబితాలో ఉంది. వోల్టేర్ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. మొదావ్‌కు ఇది ఎవరిచ్చారు, వాళ్ళకు ఎవరిచ్చారు? బైబిల్ విషయంలో ప్రతి అడుగునా ఆ ప్రశ్న వేసిన మనిషి, తనకు నచ్చిన కాగితం చేతికి రాగానే ఆ ప్రశ్న వేయలేదు.

రాతప్రతుల సేకరణలో ఆ ప్రశ్నకు జవాబే అన్నిటికన్నా విలువైనది. దస్తూరి, సిరా, ముద్ర అన్నీ దాని తర్వాతే. కొత్త ఉత్తరాలు దొరికే దారి కూడా అదే. 1726-28లో వోల్టేర్ ఇంగ్లండ్‌లో ఉన్నప్పటి ఉత్తరాలు ముందు నుంచీ చాలా తక్కువ. 2012లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ క్రాంక్ అమెరికా లైబ్రరీల్లో 14 ఉత్తరాలు కనుగొన్నట్టు ప్రకటించాడు. ఒకదాంట్లో ఇంగ్లండ్ రాజకుటుంబం నుంచి అందిన 200 పౌండ్ల ప్రస్తావన ఉంది, సంతకంలో పేరు ‘ఫ్రాన్సిస్’ అని ఇంగ్లీషు పద్ధతిలో ఉంది. పెద్ద లైబ్రరీల్లో ఇలాంటి కాగితాలు తరచూ కుటుంబాల పేరుతో కట్టలుగా ఉంటాయి. కేటలాగులో వోల్టేర్ పేరు వెతికితే దొరకనిది, ఆయన ఎవరింట్లో భోంచేశాడో, ఎవరి దగ్గర అప్పు చేశాడో వాళ్ళ పేరుతో వెతికితే దొరకవచ్చు.